కన్యక చేతి కంకణాలు: గృహంలో కర్మ, మనస్సులో ఏకాగ్రత

బ్రహ్మచారి, వానప్రస్థుడు, సన్న్యాసి అనే ముగ్గురికీ పోషకుడు గనుక గృహస్థాశ్రమం తక్కిన ఆశ్రమాలకు ఆధారమని ధర్మశాస్త్రాలు ప్రశంసించాయి. ఉద్యోగం చేసే గృహస్థునికి మాత్రం ఇటీవలి వరకు రెండు లోకాలుండేవి. ఒకటి ఇల్లు, రెండవది కార్యాలయం. రెండింటి నడుమ గడప ఉండేది, దారి ఉండేది, బస్సులోనో రైలులోనో గడిచే కొంత సమయం ఉండేది. ఆ సమయం వృథా అని అందరూ విసుక్కొన్నారు గాని, మనస్సు ఒక ధర్మం నుండి మరొక ధర్మంలోకి మారడానికి అది సంధికాలంగా పనిచేసినది. గృహమే కార్యాలయమైన నాడు ఆ సంధి లోపించినది.

ఓరుగల్లు నగరం ఈ మార్పును అతి శీఘ్రంగా చూచినది. 2020 జనవరిలో నగరానికి చేరువలోని మడికొండలో టెక్ మహీంద్రా, సైయెంట్ సంస్థల కార్యాలయాలు ప్రారంభమైనాయి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం హైదరాబాదుకు వలస పోనవసరం లేదన్న ఆశ అప్పుడు మొలకెత్తినది. మూడు నెలలు నిండకమునుపే, మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనది. హైదరాబాదు, బెంగళూరు నగరాలలోని ఎందరో యువతీయువకులు ల్యాప్‌టాప్ సంచితో హనుమకొండ, కాజీపేట, వరంగల్లులోని తల్లిదండ్రుల ఇళ్లకు తిరిగి వచ్చారు. మహమ్మారి శాంతించిన తరువాత కూడా ఇంటి నుండి పనిచేసే పద్ధతి పూర్తిగా తొలగిపోలేదు. వారంలో కొన్ని దినాలైనా అనేకులకు అది నిలిచియున్నది.

వారిలో సాధనాభిలాష గలవారికి ఈ మార్పు మొదట దైవానుగ్రహంగా తోచినది. ప్రయాణం తప్పినది గనుక ప్రాతఃకాలంలో మరికొంత జపం చేయవచ్చు. మధ్యాహ్నం ఇంటి భోజనం, సాయంకాలం భద్రకాళీ అమ్మవారి దర్శనం, రాత్రి కొంత గ్రంథపఠనం అని ఒక సుందరమైన దినచర్యను వారు భావన చేశారు. ఆచరణలో జరిగినది వేరు. పని ఉదయం ఎనిమిదికే ఆరంభమై రాత్రి పదింటికి కూడా ముగియదు. జపమాల చేతిలో ఉండగానే ఫోన్ మ్రోగుతుంది. దినమంతా కూర్చున్నా పని పూర్తి కాదు. పని పూర్తి కాలేదన్న దిగులు పూజలోకి వస్తుంది, పూజ సరిగా సాగలేదన్న దిగులు పనిలోకి వస్తుంది.

హనుమకొండలో అటువంటి ఒక ఇంటిని ఊహించుకోవచ్చు. రెండు పడకగదులు, ఒక హాలు. కుమారుడు భోజనపు బల్ల మీద ల్యాప్‌టాప్ పెట్టుకొని సమావేశంలో ఉన్నాడు. పదవీ విరమణ చేసిన తండ్రి హాలులో వార్తలు చూస్తున్నాడు. వంటింట్లో కుక్కర్ ఈల వేసినది. ఆరేళ్ల పాప బొమ్మను తెచ్చి తండ్రి ఒడిలో పెట్టినది. ఆ యువకుడు చెవియంత్రం తీసి, "బాపూ, జర టీవీ తగ్గించరాదే! నేను ఇంట్ల పని చేస్తున్న అని ఎవ్వరికన్న సోయి ఉన్నదా?" అని గద్దించినాడు. తండ్రి టీవీ కట్టివేసి మౌనంగా లేచిపోయినాడు. ఇల్లు నిశ్శబ్దమైనది. అయినా తరువాతి అరగంటలో అతని పని ఒక్క అడుగు కూడా ముందుకు సాగలేదు. తండ్రి ముఖమే కనుల ముందు మెదలినది. ఆ తరువాత ఫోన్ తీసి దేనినో చూస్తూ కూర్చున్నాడు.

ఇక్కడ విచారించవలసిన విషయం ఒకటి ఉన్నది. శబ్దం ఆగినది, ఏకాగ్రత రాలేదు. అట్లయితే ఏకాగ్రతకు ప్రతిబంధకం నిజంగా ఎక్కడ ఉన్నది?

పతంజలి మహర్షి యోగసూత్రాలలోని సమాధిపాదంలో చిత్తవిక్షేపాలను తొమ్మిదిగా గణించాడు. వాటిని అంతరాయాలన్నాడు. ఇంట కూర్చొని పనిచేసేవాడు ఆ పట్టికను తన దినచర్యతో పోల్చి చూచుకొంటే ఆశ్చర్యం కలుగుతుంది. మొదటిది వ్యాధి. మెడ, నడుము పట్టివేసేటట్లు పరుపు మీద వంగి కూర్చొని పనిచేసేవానికి దీనిని వివరించనక్కరలేదు. రెండవది స్త్యానం. పని ఎదుటనే ఉన్నా చిత్తం కదలక బిగుసుకొనిపోవడం అది. మూడవది సంశయం. పది పనులలో ఏది ముందు అన్న డోలాయమానస్థితిలోనే ఉదయం గడిచిపోవడం దాని లక్షణం.

నాలుగవది ప్రమాదం, ఐదవది ఆలస్యం. ఈ రెండు పదాలూ తెలుగులోకి వచ్చి అర్థం మార్చుకొన్నాయి. సంస్కృతంలో ప్రమాదమంటే ఏమరుపాటు, తెలుగులో ఆపద. సంస్కృతంలో ఆలస్యమంటే సోమరితనం, తెలుగులో జాప్యం. ఏమరుపాటుకు ఫలం ఆపద, సోమరితనానికి ఫలం జాప్యం. కారణానికి పెట్టిన పేరును తెలుగువారు కార్యానికి పెట్టుకొన్నారు. భాషలోనే ఒక హెచ్చరిక ఇమిడియున్నది.

ఆరవది అవిరతి, అనగా విషయాల మీది తృష్ణ విరమించకపోవడం. పని మధ్యలో చేయి తనంతట తానే ఫోన్ వైపు పోవడం దీని నేటి రూపం. ఏడవది భ్రాంతిదర్శనం. వచ్చిన ప్రతి సందేశానికి వెంటనే బదులు వ్రాస్తూ, అదే పని అని భ్రమించడం ఇందులోనిది. ఎనిమిదవది అలబ్ధభూమికత్వం, ఎంతసేపు కూర్చున్నా ఒక మెట్టుకు చేరకపోవడం. తొమ్మిదవది అనవస్థితత్వం, చేరిన మెట్టు మీద నిలువలేకపోవడం. అరగంట చక్కగా సాగిన పనిని ఏ కారణం లేకుండానే విడిచి లేవడం ప్రతివానికీ అనుభవమే.

ఈ తొమ్మిదింటిలో ఇంటివారి మాటల చప్పుడు లేదు, పొరుగింటి పెళ్లి మేళం లేదు, బిడ్డ ఏడుపు లేదు. వ్యాధి దేహానికి చెందినది, తక్కినవన్నీ చిత్తానికి చెందినవి. మహర్షికి లోకంలోని శబ్దాలు తెలియక కాదు. విక్షేపం బయటి నుండి లోపలికి వచ్చేది కాదు, లోపల ఉన్నదే బయటి నిమిత్తాన్ని వెదకుకొంటుంది. టీవీ కట్టివేయించిన యువకునికి ఆ తరువాతి అరగంట బోధించినది ఇదే. పైగా అంతరాయాలను చెప్పిన వెంటనే పతంజలి వాటి నివారణకు ఒకే తత్త్వాన్ని అభ్యసించమన్నాడు. ఆ పిమ్మట చిత్తప్రసాదనానికి సుఖుల యెడల మైత్రి, దుఃఖితుల యెడల కరుణ, పుణ్యాత్ముల యెడల ముదిత, పాపుల యెడల ఉపేక్ష అనే భావనలను విధించాడు. అనగా తోటివారితో సంబంధం చెడినచోట చిత్తం నిర్మలం కాదు. ఇంటివారిని గద్దించి సంపాదించిన నిశ్శబ్దంలో ఏకాగ్రత నిలువదనడానికి ఇంతకన్న ప్రమాణం అక్కరలేదు.

శ్రీమద్భాగవతం ఏకాదశ స్కంధంలో ఈ సూక్ష్మానికి ఒక అద్భుతమైన దృష్టాంతం ఉన్నది. యదుమహారాజుకు ఒక అవధూత తన ఇరువదినలుగురు గురువులను గూర్చి చెప్పిన వృత్తాంతాన్ని శ్రీకృష్ణుడు ఉద్ధవునికి వినిపిస్తాడు. ఆ గురువులలో ఒక కన్యక ఉన్నది. ఆమె కూడ ఇంట ఉండి పనిచేసినదే.

ఒకనాడు ఆమెను వివాహార్థం చూడడానికి కొందరు అతిథులు వచ్చారు. ఇంటి పెద్దలు ఎటో వెళ్లియున్నారు. అతిథులకు ఆమె తానే సత్కారం చేసి, వారికి వండిపెట్టడానికి లోపల ధాన్యం దంచసాగినది. రోకటి పోటుకు చేతి కంకణాలు గలగలమన్నాయి. దంచడానికి కూడ మనిషి లేని ఇల్లని అతిథులకు తెలిసిపోవునేమో అని ఆమె సిగ్గుపడినది. అప్పుడు ఒక్కొక్క కంకణాన్ని తొలగిస్తూ చేతికి రెండేసి ఉంచినది. రెండు ఉన్నా ఒరసికొని మ్రోగాయి. మరి ఒక్కొక్కటి తీసి, చేతికి ఒక్కటే మిగిల్చినది. ఇక చప్పుడు లేదు, పని సాగినది.

పలువురు ఒకచోట చేరితే కలహమూ, ఇద్దరుంటే మాటలూ తప్పవు గనుక ఏకాకిగా సంచరించాలని అవధూత దీని నుండి గ్రహించాడు. అది సన్న్యాసి గ్రహింపదగిన పాఠం. గృహస్థు గ్రహింపదగిన పాఠం కూడ ఆ కథలోనే ఉన్నది. ఆమె అతిథులను బయటికి పంపలేదు, వారిని మౌనంగా ఉండమనలేదు. తన చేతి కంకణాలనే తగ్గించుకొన్నది. ఆ తగ్గించుకోవడం కూడ కసితో చేయలేదు, ఇంటి గౌరవాన్ని కాపాడడానికి చేసినది. చప్పుడు ఎక్కడ పుట్టుచున్నదో అక్కడే దానిని శమింపజేసినది.

ఇంట ఉండి పనిచేసేవాని కంకణాలు ఏవి? తెర మీద ఒకేసారి తెరచి ఉంచిన ఇరువది కిటికీలు, నిమిషానికొకసారి మ్రోగే వాట్సాప్ సమూహాలు, పని నడుమ చూచే క్రికెట్ స్కోరు, ఏకకాలంలో చేపట్టిన నాలుగు పనులు. వీటిలో ఒక్కటి కూడ తండ్రి చూచే వార్తల వల్ల వచ్చినది కాదు. అన్నింటినీ చేతికి తొడుగుకొన్నది తానే. ఒక్కొక్కటి తొలగించవలసినదీ తానే.

కన్యక చేతికి ఒక కంకణం మిగిలినదన్న విషయం కూడ గమనింపదగినది. చేతులను బోడి చేసుకోవడం ఆమె ఉద్దేశం కాదు. వృద్ధురాలైన తల్లికి అవసరమైతే పిలిచే పిలుపు, పాఠశాల నుండి వచ్చే ఫోన్, ఆ ఒక్క కంకణం వంటివి. వాటిని కూడ మూసివేయడం ఏకాగ్రత కాదు, కర్తవ్యలోపం. ఒకటి మ్రోగదు. రెండవది చేరినప్పుడే మ్రోత పుడుతుంది. కనుక ఒక వేళకు ఒక పని అన్న నియమమే ఇక్కడి రహస్యం.

అదే అధ్యాయంలో అవధూత మరొక గురువును పేర్కొన్నాడు. బాణాలు చేసేవాడొకడు బాణాన్ని సరిచేయడంలో ఎంతగా లీనమయ్యాడంటే, చెంతనే రాజు పరివారంతో వెళ్లిపోయినా అతనికి తెలియలేదు. రాజు ఊరేగింపు ఆగలేదు, వీధి మారలేదు. అతని దృష్టికి ఆధారమైన వస్తువు ఒకటే ఉన్నది, అది చేతిలో ఉన్నది. కన్యక కథ అనేకాన్ని విడువమంటుంది, ఇషుకారుని కథ ఏకాన్ని పట్టుకొమ్మంటుంది. భగవద్గీత ఆరవ అధ్యాయంలో మనస్సును నిగ్రహించడం గాలిని పట్టడం వంటిదని అర్జునుడు మొరపెట్టుకొన్నప్పుడు భగవానుడు చెప్పిన వైరాగ్యమూ అభ్యాసమూ ఇవే. విడువడం వైరాగ్యం, మరల మరల పట్టుకోవడం అభ్యాసం.

ఈ అభ్యాసానికి స్థలనియమం కావాలి. ఈ విషయంలో ఓరుగల్లు వారు పుస్తకాల కోసం వెదకనక్కరలేదు. నగరంలోని కొత్తవాడలో నేతకుటుంబాలు తరతరాలుగా ఇళ్లలో మగ్గాలు పెట్టుకొని పనిచేశాయి. ఇక్కడి జంపఖానాలు ప్రసిద్ధమైనవి. ఓరుగల్లు తివాచీలు 1851లో లండన్ మహాప్రదర్శనలో ఉంచబడినాయి. వరంగల్లు దర్రీలకు 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఇంట ఉండి పనిచేయడం కంప్యూటర్‌తో వచ్చిన కొత్త వింత అనుకొనేవారు గుంటమగ్గం ఉన్న ఇంటిని ఒకసారి తలచుకోవాలి. అదే కప్పు క్రింద వంట, అదే కప్పు క్రింద పసిపిల్లలు, అక్కడే పడుగూ పేకా. భార్య నూలు చుట్టి ఇస్తుంది, భర్త నేస్తాడు. శబ్దం లేని ఇల్లు ఆ కుటుంబాలకు ఏనాడూ లేదు.

అయినా నేతపని సాగడానికి ఒక కారణం మగ్గంలోనే ఉన్నది. మగ్గానికి చోటు ఒకటే. నేలలో త్రవ్విన గుంటలో కాళ్లు దింపి కూర్చుంటేనే నేత. గుంటలో ఉన్నంతసేపు నేతగాడు, గుంట నుండి లేచినంతనే తండ్రి, భర్త, కొడుకు. మగ్గాన్ని పడకమీదికి తీసికొనిపోలేరు, కంచం ప్రక్కన పెట్టుకోలేరు. ల్యాప్‌టాప్‌కు గుంట లేదు. అది భోజనపు బల్ల మీదికి, పరుపు మీదికి, చివరకు పూజగది గుమ్మం వద్దకు కూడ వస్తుంది. పనికి చోటు లేనప్పుడు ప్రతి చోటూ పనిదే అవుతుంది. గీతలో ధ్యానయోగికి భగవానుడు మొదట చెప్పినది శుచియైన ప్రదేశంలో, అతి ఉన్నతమూ అతి నిమ్నమూ కాని స్థిరమైన ఆసనం. తత్త్వోపదేశానికి ముందు కూర్చునే చోటును గూర్చి అంత సూక్ష్మంగా చెప్పడం యాదృచ్ఛికం కాదు. ఇంటిలో ఒక మూల, ఒక చాప, ఒక చిన్న బల్ల చాలు. అక్కడ కూర్చుంటే పని, లేస్తే పని లేదు. కొన్ని దినాల అభ్యాసంతో చోటే మనస్సును పిలుస్తుంది.

స్థలానికి నియమం ఉన్నట్లే ఆహారానికి, నిద్రకు, చేష్టకు కూడ గీత మితాన్ని విధించినది. అతిగా తినేవానికీ అసలు తిననివానికీ, అతిగా నిద్రించేవానికీ అసలు నిద్రించనివానికీ యోగం లేదన్నది. ఇంట ఉండి పనిచేసేవారిలో ఈ రెండు అతులూ కనిపిస్తాయి. వంటిల్లు దగ్గర గనుక మాటిమాటికి చిరుతిండి, పని దగ్గర గనుక మధ్యాహ్నభోజనం మూడింటికి. నిద్ర తక్కువైన మనస్సు స్త్యానంతో బిగుసుకొంటే దానిని సంకల్పబలంతో మాత్రమే కదిలించబోవడం గుర్రానికి మేత పెట్టకుండా కొరడా ఝళిపించడం వంటిది.

ఇంతవరకు చెప్పినది విని ఒక సందేహం కలుగవచ్చు. బాణకారుని వలె లీనమైనవాడు ఇంటి ధర్మాన్ని విస్మరించడా? మహాభారతం అరణ్యపర్వంలోని కౌశికుని వృత్తాంతం దీనికి సమాధానం. కౌశికుడు చెట్టు క్రింద ఏకాంతంలో వేదాధ్యయనం చేసేవాడు. పైనుండి ఒక కొంగ రెట్ట వేయగా క్రోధంతో చూచాడు, కొంగ నేలకూలినది. తరువాత భిక్షకు ఒక ఇంటికి వెళ్లాడు. ఆ గృహిణి భిక్ష తేబోవుచుండగా ఆకలితో ఉన్న భర్త ఇంటికి వచ్చాడు. ఆమె భర్తకు పరిచర్య ముగించి, ఆ తరువాత భిక్ష తెచ్చినది. కౌశికుడు కోపించగా, తాను కొంగను కానని ఆమె ప్రశాంతంగా అన్నది. అరణ్యంలో జరిగినది ఆమెకు ఇంటనుండియే తెలిసినది.

ఏకాంతంలో కూర్చున్నవాడు ఒక రెట్టకు చలించాడు. వంటా, భర్త, అతిథి నడుమ ఉన్నామె చలించలేదు. ఆమె అన్నింటినీ ఒకేసారి చేయబోలేదు. ఏది ముందో నిర్ణయించుకొన్నది, చేసినది, రెండవదానికి వచ్చి ఆలస్యానికి క్షమాపణ కూడ అడిగినది. ఆపై ఆమె అతనిని పంపినది మిథిలలోని ధర్మవ్యాధుని వద్దకు. అతడు మాంసం విక్రయించి జీవించేవాడు, ఇంట వృద్ధులైన తల్లిదండ్రులను దైవాలుగా సేవించేవాడు. కౌశికునికి అతడు తన తల్లిదండ్రులనే చూపి, తన సిద్ధికి అదే మూలమన్నాడు. టీవీ కట్టివేసి లేచిపోయిన తండ్రిని ఈ కథ వెలుగులో చూస్తే, ఆ ఇంటిలో నిజంగా భంగమైనది సమావేశమా, సాధనమా అన్నది తేటపడుతుంది.

ఇక్కడ మరొక న్యాయం కూడ చెప్పవలసియున్నది. ఇంట ఉండి పనిచేసేది స్త్రీ అయినప్పుడు, కంకణాలు తీయవలసినది ఆమె ఒక్కతే అని ఇంటివారు భావించరాదు. సమావేశం నడుమ "అమ్మా, చాయ్ పెట్టవా?" అని వచ్చే పిలుపు, "ఇంట్లనే ఉన్నవు గద!" అని బంధువులు అనే మాట, ఇవి ఆమె తొడుగుకొన్న కంకణాలు కావు, ఆమె చేతికి ఇతరులు తొడిగినవి. పురుషుడు ల్యాప్‌టాప్ ముందు కూర్చుంటే తపస్సుగా, స్త్రీ కూర్చుంటే ఖాళీగా భావించే ఇంటిలో ధర్మం ఒంటికాలి మీద నిలిచియున్నది. కన్యక కథలో పెద్దలు ఇంట లేకపోవడం వల్ల భారం ఆమె ఒక్కతె మీద పడినది. పెద్దలు ఉండి కూడ ఆ భారాన్ని ఆమె మీదనే మోపడానికి ఆ కథ ప్రమాణం కాజాలదు. గృహంలో ఒకరి ఏకాగ్రత అందరి కర్తవ్యం. ఎవరి పని వేళ ఏదో ఇంటిల్లిపాదికి ముందే తెలిపి, వారి వేళలను కూడ అడిగి తెలుసుకొంటే గద్దింపులకు అవకాశమే ఉండదు.

ఇంటి నడుమ మహాకార్యం సాగుతుందనడానికి ఓరుగల్లు సీమలోనే ఒక మహోదాహరణం వెలసినది. పాలకుర్తి సమీపంలోని బమ్మెర గ్రామం, ఒకప్పటి వరంగల్లు జిల్లాలోనిది, 2016 పునర్విభజన తరువాత జనగామ జిల్లాలోనిది. 15వ శతాబ్దికి చెందిన పోతనామాత్యుని స్వగ్రామంగా ఓరుగల్లు ప్రాంతం దానిని కొలుచుకొంటున్నది. సంప్రదాయం ఆయనను హాలికునిగా చూపుతుంది. రాజాస్థానాన్ని ఆశ్రయించక, పొలం దున్ని కుటుంబాన్ని పోషించుకొంటూ, ద్వాదశస్కంధాత్మకమైన భాగవతాన్ని తెలుగు చేసి శ్రీరామునికి అంకితమిచ్చాడు. ఆయనపై అధికారి లేడు, గడువు విధించినవాడు లేడు, వేతనం లేదు. ఇంట పనిచేసేవానికి ఎదురయ్యే మొదటి సమస్య, చూచేవాడు లేకపోతే చేయి మందగించడం. పోతన గృహంలో ఆ సమస్య లేదు. ఆయన దృష్టిలో చూచేవాడు ఎల్లవేళలా ఉన్నాడు, పలికించేవాడూ ఆయనే.

గజేంద్రమోక్షణ రచనను గూర్చి ఒక ఐతిహ్యం తెలుగునాట ప్రతి ఇంటా చెప్పుకొంటారు. వైకుంఠంలో భగవంతుడు ఎక్కడ ఉన్నాడో వర్ణించే పద్యం వ్రాస్తూ వ్రాస్తూ పోతన నడుమ ఆగిపోయినాడట. ఎంతసేపు ఆలోచించినా ముందుకు సాగక, గంటం ప్రక్కన పెట్టి బయటికి వెళ్లినాడట. తిరిగివచ్చి చూస్తే పద్యం పూర్తియై ఉన్నది. ఇప్పుడే నీవే వచ్చి వ్రాసిపోతివి గదా అన్నారట ఇంటివారు. స్వామియే ఆయన రూపంలో వచ్చి పూరించాడని భక్తుల విశ్వాసం. ఐతిహ్యంగా తీసుకొన్నా ఇందులో సాధకునికి రెండు బోధలున్నాయి. పని సాగనప్పుడు దాని ముందు కూర్చొని మనస్సును నలుపరాదు, లేచి కొంత దూరం నడువవలెను. రెండవది, పని తన ఒక్కనిదే అన్న భారాన్ని దింపుకోవలెను. కర్తృత్వభారం దిగిన చేతికే పని తేలిక.

పోతన భాగవతం పూర్తిగా నిలువలేదు. కాలగతిలో కొన్ని భాగాలు శిథిలమైనాయి. పంచమస్కంధాన్ని బొప్పరాజు గంగన, షష్ఠస్కంధాన్ని ఏర్చూరి సింగన, ఏకాదశ ద్వాదశ స్కంధాలను వెలిగందల నారయ పూరించారు. కన్యక కంకణాల కథ చోటుచేసుకొన్న ఆ ఏకాదశ స్కంధం నేడు తెలుగువారికి నారయ చేతిమీదుగా లభించినది. ఒక జీవితకాలపు కృషిలో కొంత చెదలుకూ కాలానికీ పోయినా, అర్పించిన కర్మ నిలిచినది, శిష్యులు, అనుయాయులు దానిని కొనసాగించారు. నేటి పనిదినం ముగిసేసరికి సగమే పూర్తియైనదని రాత్రి పదకొండింటికి మరల ల్యాప్‌టాప్ తెరచేవాడు ఈ విషయాన్ని తలచుకొంటే నిద్రపోగలుగుతాడు. కర్మలో లోపం ఉండరాదు, ఫలం మీద పట్టు ఉండరాదు.

పనిని ఆరంభించడం ఎంత అవసరమో ముగించడం అంతే అవసరం. సంధ్యావందనానికి సంధ్య అని పేరు వచ్చినది కాలాల కలయికను బట్టి. ప్రయాణంతో పాటు పోయిన సంధిని గృహస్థు తానే మరల కల్పించుకోవాలి. ఉదయం ఆసనం మీద కూర్చొని, ఈ పూట చేయవలసిన ఒక్క పనిని పేరుపెట్టి సంకల్పించడం ఒక సంధి. సాయంకాలం రేపటి పనిని రెండు పంక్తులలో వ్రాసి, తెర మూసి, జరిగినదంతా భగవదర్పణం చేసి, కాళ్లు చేతులు కడుగుకొని ఇంటివారి నడుమ కూర్చోవడం మరొక సంధి. అర్పించినదానిని మరల తిరిగి తీసికోరాదు గనుక, ఆ రాత్రి ఆ తెరను మరల తెరువరాదు.

హనుమకొండలోని వేయిస్తంభాల గుడి 1163లో కాకతీయ రుద్రదేవుడు నిర్మించిన త్రికూటాలయం. శివ, విష్ణు, సూర్యులకు మూడు గర్భాలయాలు. మూడూ ఒకే రంగమంటపంలోకి తెరచుకొంటాయి. మంటపం ఉమ్మడి, గర్భాలయాలు వేరు. ఒక దేవుని ముందు నిలిచి చేసే అర్చన మరొక గర్భగృహంలోకి పొరలిపోదు. అయినా మూడింటి దీపకాంతీ ఒకే మంటపంలో కలుస్తుంది. ఉద్యోగం, కుటుంబం, ఉపాసన అనే మూడు దేవతలు ఒకే ఇంటిలో వెలసినప్పుడు గృహస్థుకు కావలసినది ఇటువంటి నిర్మాణమే. ప్రతిదానికీ ఒక గడప, ఆ గడప దాటినప్పుడు పూర్ణమైన సాన్నిధ్యం.

ఆ తండ్రి టీవీ రేపు కూడ మ్రోగుతుంది, కుక్కర్ ఈల వేస్తుంది, పాప బొమ్మను తెస్తుంది. వీటిని ఆపడం ఎవరివల్లా కాదు, ఆపదగినవీ కావు. వేళ తెలిపితే తండ్రి తానే శబ్దం తగ్గిస్తాడు, పని ముగిసినంతనే తండ్రి ఒడి తనదని తెలిస్తే పాప తానే వేచియుంటుంది. సాధకుని వంతుకు మిగిలినది చేతి కంకణాలను లెక్కపెట్టుకోవడం. మ్రోగేవి ఎన్ని, అవసరమైనది ఏది అని చూచుకొని, ఒక్కొక్కటి తీసి ప్రక్కన పెట్టడం. ఒక్కటి మిగిలిన చేయి ధాన్యమూ దంచగలదు, జపమాలనూ త్రిప్పగలదు.